మిడ్‌రేంజ్ గ్రాఫిక్స్ కార్డులు: పెట్టిన డబ్బుకు ఏది ఎంత ఇస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా పీసీ బిల్డ్ చేయించుకునేవాళ్లు, పాత పీసీలో కార్డు మాత్రం మార్చాలనుకునేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలివి. దుకాణం ధరలు వారం వారం మారుతుంటాయి కాబట్టి ఇక్కడ కంపెనీలు ప్రకటించిన విడుదల ధరలే డాలర్లలో ఇచ్చాను. వాటిని మన ధరలతో ఎలా పోల్చుకోవాలో కింద ఒక లెక్క ఉంది.

అసలు మిడ్‌రేంజ్ అంటే ఏ కార్డులు?

విడుదల ధర దాదాపు 250 నుంచి 550 డాలర్ల మధ్య ఉన్నవి అనుకోండి. ఎన్‌విడియాలో ఆర్‌టీఎక్స్ 5060, 5060 టీఐ, 5070. ఏఎండీలో ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ, 9070. ఇంటెల్‌లో ఆర్క్ బీ580. ఇవి 2024 డిసెంబరు నుంచి 2025 జూన్ లోపు వచ్చిన తరం. వీటికి ముందు తరానివి ఆర్‌టీఎక్స్ 4060, 4060 టీఐ, ఆర్‌ఎక్స్ 7600, 7700 ఎక్స్‌టీ, 7800 ఎక్స్‌టీ. మిగిలిన స్టాకు ఎక్కడైనా కనిపిస్తే, సెకండ్ హ్యాండ్‌లో దొరికితే వాటినీ లెక్కలోకి తీసుకోవచ్చు.

ఇంత చదివే ఓపిక లేదు. ఒక్క ముక్కలో ఏది కొనాలి?

గేమింగ్ కోసమే అయితే ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16జీబీ. గేమింగ్‌తో పాటు ఎడిటింగ్, బ్లెండర్ (3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్), ఏఐ పనులు కూడా ఉంటే ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 16జీబీ. బడ్జెట్ పాతిక వేల దగ్గరే ఆగిపోయి, ప్రాసెసర్ కొత్తదైతే ఆర్క్ బీ580. ఈ మాటకు మినహాయింపులు చాలా ఉన్నాయి. కింద ఉన్నదంతా వాటి గురించే.

8జీబీ మెమరీ సరిపోదా? 1080పీలోనే (ఫుల్ హెచ్‌డీ) ఆడతాను కదా!

అందరూ అడిగేది, అందరూ వాదించేది ఇదే. కాస్త వివరంగా చెప్పుకుందాం.

వాలొరెంట్, సీఎస్ 2 లాంటి పోటీ గేములే ఆడేవాళ్లకు 8జీబీ ఎక్కువే. కొత్తగా వచ్చే పెద్ద గేములతోనే చిక్కు. కార్డు మెమరీ నిండిపోతే గేము మిగిలిన డేటాను పీసీ ర్యామ్‌లో పెట్టి, కావలసినప్పుడల్లా మదర్‌బోర్డు స్లాటు గుండా లాక్కుంటుంది. ఆర్‌టీఎక్స్ 5060లో కార్డుకూ దాని మెమరీకీ మధ్య సెకనుకు 448 జీబీ వేగం ఉంటుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ (ఆ స్లాటు ప్రమాణం) 4.0 బోర్డులో ఆ కార్డు స్లాటు గుండా వచ్చేది సెకనుకు 16 జీబీ లోపే. పాత 3.0 బోర్డయితే అందులో సగం.

తెర మీద ఇది ఎలా కనిపిస్తుందంటే, సగటు 70 ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు, అంటే బొమ్మలు) అని మూలన అంకె బాగానే చూపిస్తుంటుంది. మీరు వీధి మలుపు తిరగగానే ఒక్క క్షణం బొమ్మ పట్టేస్తుంది. గోడ దగ్గరికి వెళ్లి నిలబడితే ఇటుకలు అలికేసినట్టు మసకగా ఉండి, రెండు మూడు సెకన్ల తర్వాత గీతలు తేలతాయి. కొన్ని గేములు మీకు చెప్పకుండానే టెక్స్చర్ (గోడలు, నేలల ఉపరితలం మీది బొమ్మ) నాణ్యత తగ్గించేస్తాయి, అప్పుడు ఎఫ్‌పీఎస్ కూడా పడదు. బెంచ్‌మార్క్ (వేగం పరీక్ష) పట్టికలో 8జీబీ కార్డు, 16జీబీ కార్డు పక్కపక్కనే ఉన్నాయని మోసపోయేది ఇక్కడే.

ఇంకో సంగతి. టెక్స్చర్ సెట్టింగు పెంచడానికి మెమరీ ఉంటే చాలు, కార్డు పెద్దగా శ్రమపడదు. బొమ్మ అందం మాత్రం చాలా పెరుగుతుంది. ఉచితంగా దొరికే ఆ అందాన్ని 8జీబీ కార్డు వదులుకుంటుంది.

నా మాటేమిటంటే, ఇప్పుడు కొత్త కార్డుకు ముప్పై వేలు పెట్టి 8జీబీ తీసుకోవద్దు. ఇప్పటికే 8జీబీ కార్డు ఉంటే కంగారుపడి మార్చనక్కర్లేదు, టెక్స్చర్లు మీడియంలో పెట్టుకుని ఆడుకోండి.

పేరు ఒకటే కదా, 5060 టీఐ 8జీబీ, 16జీబీ రెండూ ఒకటే కాదా?

చిప్పు ఒకటే. 4608 క్యూడా కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 128 బిట్ల బస్సు (మెమరీకి వెళ్లే దారి వెడల్పు), అన్నీ అవే. మెమరీ నిండనంత సేపూ తేడా కనిపించదు, నిండాక వేరే కార్డులైపోతాయి. విడుదల ధరల్లో తేడా 50 డాలర్లే (379, 429). 2025 ఏప్రిల్‌లో ఇవి వచ్చినప్పుడు సమీక్షకుల చేతికి ముందుగా అందినవి 16జీబీ కార్డులే. 8జీబీవి చాలామంది బజార్లో కొనుక్కుని పరీక్షించాల్సి వచ్చింది. కారణం మీరే ఊహించుకోండి.

పేర్ల మాయ కొత్తదేం కాదు. 2016లో జీటీఎక్స్ 1060 3జీబీ వచ్చినప్పుడు మెమరీ ఒక్కటే కాదు, కోర్లు కూడా 1280 నుంచి 1152కి తగ్గాయి. ఆర్‌టీఎక్స్ 3060కి 12జీబీతో 192 బిట్ల బస్సు ఉంటే, తర్వాత వచ్చిన 8జీబీ 3060కి 128 బిట్లే. ఆర్‌టీఎక్స్ 3050 6జీబీలో కూడా 8జీబీ దానికంటే కోర్లు తక్కువ. పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉన్న పేరు కాదు, మూలన ఉన్న మెమరీ అంకె చూడాలి. ఆన్‌లైన్లో అయితే ఒకే పేజీలో రెండు రకాలూ బటన్లుగా ఉంటాయి, ఏది నొక్కి ఉందో చూసి కార్టులో వేయండి.

ఫ్రేముకు ఎంత రూపాయి అన్న లెక్క ఎలా వేయాలి?

కార్డు ధరను సగటు ఎఫ్‌పీఎస్‌తో భాగిస్తారు చాలామంది. లెక్క తప్పు కాదు, సగమే.

ఉదాహరణకు ఊహించిన అంకెలు తీసుకుందాం. మొదటి కార్డు 30,000 రూపాయలు, 75 ఫ్రేములు. రెండోది 38,000 రూపాయలు, 90 ఫ్రేములు. కార్డు వరకే చూస్తే మొదటిది ఫ్రేముకు 400, రెండోది 422. మొదటిదే నయం అనిపిస్తుంది.

కొత్త పీసీ మొత్తం కొంటున్నారనుకోండి. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, క్యాబినెట్ అన్నీ కలిపి ఇంకో 45,000. ఇప్పుడు మొదటిది 75,000కు 75 ఫ్రేములు, అంటే ఫ్రేముకు 1,000. రెండోది 83,000కు 90, అంటే 922. ఎనిమిది వేలు ఎక్కువ పెట్టిందే చవక.

పాత పీసీలో కార్డు మాత్రం మారుస్తున్నవాళ్ల లెక్క మళ్లీ వేరు. ఇప్పుడున్న కార్డు 45 ఫ్రేములు ఇస్తోందనుకోండి. మీరు డబ్బు పెట్టేది కొత్తగా వచ్చే ఫ్రేములకే. మొదటి కార్డుతో 30 పెరుగుతాయి, ఒక్కోదానికి 1,000. రెండోదానితో 45 పెరుగుతాయి, ఒక్కోదానికి 844. ఇలా చూస్తే 20 శాతం పెరిగే అప్‌గ్రేడులన్నీ దండగే. 4060 నుంచి 5060కి మారడం సరిగ్గా అలాంటిదే. కనీసం 50 శాతం పెరగకపోతే జేబు ముట్టుకోవద్దని నా సలహా.

సగటు ఒక్కటే చూడకండి. ‘1 పర్సెంట్ లో’ అనే అంకె కూడా చూడండి. అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన నూటికి ఒక్క వంతు ఫ్రేములు ఎంత వేగంతో వచ్చాయో అది చెబుతుంది. సగటు 80, లో 65 ఉన్న కార్డు, సగటు 88, లో 41 ఉన్న కార్డుకంటే చేతికి హాయిగా ఉంటుంది.

అమెరికా ధరకూ మన ధరకూ పొంతన ఉండదెందుకు?

డాలర్లలో ప్రకటించే ధరకు అక్కడి సేల్స్ ట్యాక్స్ కలిపి ఉండదు. మన ధరలో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది. ఆపైన దిగుమతిదారు, డిస్ట్రిబ్యూటరు, దుకాణదారు ఎవరి వాటా వాళ్లది.

గీటురాయిగా ఇలా వేసుకోండి: విడుదల ధరను డాలరు మారకంతో గుణించి, 18 శాతం కలపండి. 9060 ఎక్స్‌టీ 16జీబీ విడుదల ధర 349 డాలర్లు. డాలరు 90 రూపాయలనుకుంటే 31,410. జీఎస్టీతో 37,000 చిల్లర. దుకాణంలో ఇంతకు అటూ ఇటూగా చెబితే న్యాయమే. ఇదే కార్డు 45,000 అంటే పక్క దుకాణం చూడాల్సిందే.

మా అన్నయ్య డాలస్ నుంచి వస్తున్నాడు. కార్డు తెప్పించుకోనా?

ముందు అన్నయ్యను అక్కడి ట్యాక్స్‌తో కలిపి బిల్లు ఎంతవుతుందో అడగండి. మిగిలేది నాలుగైదు వేలే అయితే వద్దు. చాలా బ్రాండ్లు వారంటీని కొన్న దేశంలోనే ఇస్తాయి. ఎనిమిది నెలలకు ఫ్యాను శబ్దం చేస్తే కార్డు మళ్లీ ఎవరి సూట్‌కేసులోనో సముద్రం దాటాలి. పదిహేను, ఇరవై వేలు మిగిలే పెద్ద కార్డుల సంగతి వేరు, ఈ శ్రేణిలో గిట్టుబాటు కాదు.

నాది రైజెన్ 5 3600, బీ450 బోర్డు. ఏ కార్డు సరిపోతుంది?

బీ450 బోర్డు పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0. ఇంటెల్ పదో తరం ఐ5-10400 ఉన్నవాళ్లదీ ఇదే పరిస్థితి. 5060, 5060 టీఐ, 4060, ఆర్‌ఎక్స్ 7600, బీ580 ఇవన్నీ స్లాటులో డేటా నడిచే దారుల్లో (లేన్లు) ఎనిమిదే వాడతాయి. 3.0 బోర్డులో అవి సెకనుకు 8 జీబీ దగ్గర ఆగిపోతాయి. మెమరీ నిండనంత వరకు నష్టం కొద్దిగానే. 8జీబీ కార్డు పెట్టి మెమరీ నింపితేనే పైన చెప్పిన పట్టేయడాలన్నీ రెట్టింపవుతాయి. 9060 ఎక్స్‌టీకి పదహారు లేన్లున్నాయి, పాత బోర్డు ఉన్నవాళ్లకు అది నిజంగా పనికొచ్చే తేడా.

ఆర్క్ బీ580 మాత్రం ఇలాంటి పీసీలో వద్దు. దాని డ్రైవరు ప్రాసెసరుకు ఎక్కువ పని పెడుతుంది. 3600 లాంటి పాత ప్రాసెసర్లతో కొన్ని గేముల్లో పనితీరు బాగా పడిపోతోందని విడుదలైన కొద్ది వారాలకే పరీక్షల్లో తేలింది. పైగా బయోస్‌లో (బోర్డు సెట్టింగులు) రీసైజబుల్ బార్ (ప్రాసెసరుకు కార్డు మెమరీ అంతా ఒకేసారి అందేలా చేసే సెట్టింగు) ఆన్ చేసి ఉండాలి, లేకపోతే ఆర్క్ కార్డు ఏదైనా కుంటుతుంది.

బీ450 బోర్డు ఉన్నవాళ్లకు నాకు నచ్చే దారి వేరే ఉంది. బయోస్ అప్‌డేట్ చేసి రైజెన్ 5 5600 వేయండి, మిగిలిన డబ్బుతో కార్డు చూడండి. బోర్డు, ర్యామ్ మార్చే పనుండదు.

అంటే ఆర్క్‌ను నమ్మకూడదా?

అలా కాదు. ఐ5-12400ఎఫ్, రైజెన్ 5 7600 లాంటివి ఉంటే బీ580 మంచి బేరమే. 249 డాలర్లకు 12జీబీ మెమరీ, 192 బిట్ల బస్సు ఇంకెవరూ ఇవ్వలేదు. 1440పీలో (1080పీ కంటే ఎక్కువ చుక్కలున్న తెర) 4060ని దాటింది కూడా. కాకపోతే పాత గేములు ఎక్కువ ఆడేవాళ్లు తమ గేము దాని మీద ఎలా నడుస్తోందో ముందు ఒక వీడియో చూసుకోండి.

డీఎల్‌ఎస్‌ఎస్ ఉంది కదా, తక్కువ కార్డు తీసుకుని దాంతో లాగించొచ్చా?

డీఎల్‌ఎస్‌ఎస్ అంటే ఏఐతో ఎఫ్‌పీఎస్ పెంచే ఎన్‌విడియా పద్ధతి. ఆ పేరు కింద రెండు వేర్వేరు సంగతులున్నాయి. చిన్న బొమ్మను పెద్దది చేసే అప్‌స్కేలింగ్ ఒకటి. ఇది నిజంగా బాగుంటుంది, 1440పీలో క్వాలిటీ మోడ్ పెడితే చాలామందికి తేడా కూడా తెలియదు. ఏఎండీ ఎఫ్‌ఎస్‌ఆర్ 4 కూడా దీనికి దగ్గరగా వచ్చేసింది. 2025లో వచ్చినప్పుడు దాన్ని ఆర్‌ఎక్స్ 9000 సిరీస్‌కే ఇచ్చారు. 7600, 7700 ఎక్స్‌టీల కంటే 9060 ఎక్స్‌టీ తీసుకోమనడానికి ఇదొక పెద్ద కారణం.

రెండోది ఫ్రేమ్ జనరేషన్. అసలు ఫ్రేముల మధ్య ఊహించిన ఫ్రేములు దూరుస్తుంది. 2025లో 50 సిరీస్ వచ్చినప్పుడు అసలు ఫ్రేము ఒక్కదానికి మూడు దాకా. కంటికి నునుపుగా కనిపిస్తుంది, మౌసుకు మాత్రం పాత వేగమే, ఇంకాస్త ఆలస్యం కూడా. 60 ఉన్నదాన్ని 110 చేసుకోవడానికి బాగుంటుంది. 28 ఉన్నదాన్ని 100 చేశామని ప్రకటనలో గీత గీస్తే నమ్మకండి. పైగా ఇది కార్డు మెమరీని కూడా తింటుంది, 8జీబీ కార్డులో ఒక్కోసారి ఆన్ చేస్తే లాభం కంటే నష్టమే ఎక్కువ. పోలికలు చూసేటప్పుడు ఫ్రేమ్ జనరేషన్ లేని అంకెలే చూడండి.

రే ట్రేసింగ్ కోసం ఎన్‌విడియానే కొనాలా?

రే ట్రేసింగ్ (వెలుగు నీడలను నిజంలా లెక్కగట్టే పద్ధతి) లేకుండా చూస్తే 5060 టీఐ 16జీబీ, 9060 ఎక్స్‌టీ 16జీబీల మధ్య తేడా ఐదారు శాతం, అంతే. రే ట్రేసింగ్ బాగా వాడే గేముల్లో 5060 టీఐ ఇంకా ముందుకు పోతుంది. విడుదల ధరల్లో 80 డాలర్ల తేడా ఉంది కాబట్టి, రే ట్రేసింగ్ అంటే మోజు లేనివాళ్లు ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు. అలాగని రే ట్రేసింగ్ అస్సలు లేని పాత కార్డులు కొనకండి. ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్, డూమ్: ది డార్క్ ఏజెస్ లాంటివి ఆ హార్డ్‌వేర్ కావాలనే అడుగుతున్నాయి.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. గేములు ఎప్పుడో కానీ ఆడను.

మీ కెమెరా ఏ ఫార్మాట్‌లో రికార్డు చేస్తోందో ముందు చూడండి. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో 10 బిట్ 4:2:2 హెచ్.265 మామూలైపోయింది. టైమ్‌లైన్ మీద అది ఆగి ఆగి నడవడానికి చాలాసార్లు కారణం కార్డు శక్తి చాలకపోవడం కాదు, ఆ ఫార్మాట్‌ను విప్పే హార్డ్‌వేర్ లేకపోవడం. ఎన్‌విడియాలో 50 సిరీస్‌తోనే అది వచ్చింది, 40 సిరీస్‌లో లేదు. ఇంటెల్ పదకొండో తరం నుంచి ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్‌లోనే ఉంది, ఆర్క్ కార్డుల్లోనూ ఉంది. అందుకే ఎడిటింగ్ పీసీకి పేరు చివర ‘ఎఫ్’ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ కొనకండి. వెయ్యి, రెండు వేలు మిగులుతాయని తీసుకుంటారు, దాంట్లో గ్రాఫిక్స్ ఉండదు.

బ్లెండర్‌కు ఎన్‌విడియానే. ఇంట్లోనే ఏఐ మోడళ్లు నడపాలంటే మెమరీ ఎంతుంటే అంత. నాలుగు బిట్లకు కుదించిన 800 కోట్ల పారామీటర్ల మోడలు 8జీబీలో ఇరుక్కుంటుంది, 1400 కోట్లదైతే పట్టదు. 16జీబీలో రెండూ సుఖంగా కూర్చుంటాయి. సాఫ్ట్‌వేర్ చాలావరకు ఎన్‌విడియా వారి క్యూడా వేదిక చుట్టూ రాసిందే కాబట్టి ఇక్కడ 5060 టీఐ 16జీబీకి పోటీ లేదు.

ఎస్‌ఎంపీఎస్ ఎంతది కావాలి? నా యూపీఎస్ ఆగుతుందా?

550 వాట్ల మంచి బ్రాండు ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పెట్టె) అయితే 5060, 9060 ఎక్స్‌టీలకు సరిపోతుంది. 5060 టీఐ, బీ580లకు 600, 650 దాకా వెళ్లండి. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్‌తో మాత్రం ప్రయోగాలు వద్దు.

యూపీఎస్ సంగతి చాలామంది మర్చిపోతారు. 600 వీఏ అంటే 600 వాట్లు కాదు, దాదాపు 360 వాట్లే. 160 వాట్ల కార్డు, గేములో 75 వాట్లు లాగే ప్రాసెసర్, బోర్డు, ఫ్యాన్లు, మానిటరు అన్నీ కలిస్తే 300 దాటుతుంది. బ్యాటరీకి ఏడాది నిండితే కరెంటు పోయిన క్షణంలోనే పీసీ ఆఫ్ అవుతుంది. 1000 వీఏ తీసుకోండి.

కరెంటు బిల్లు గురించి బెంగ అక్కర్లేదు. 115 వాట్ల 4060కీ 190 వాట్ల బీ580కీ తేడా 75 వాట్లు. రోజూ మూడు గంటలు ఆడితే ఏడాదికి 82 యూనిట్లు. యూనిట్ తొమ్మిది రూపాయలు వేసుకున్నా 740 రూపాయలు.

మా విజయవాడ ఎండలకు ఏ కార్డు తట్టుకుంటుంది?

అన్నీ తట్టుకుంటాయి, శబ్దమే పెరుగుతుంది. గది వేడి పది డిగ్రీలు పెరిగితే కార్డు వేడీ దాదాపు అంతే పెరుగుతుంది. మేలో ఏసీ లేని గదిలో ఆడేవాళ్లు రెండు మూడు వేలు ఎక్కువ పెట్టి మూడు ఫ్యాన్ల మోడల్ తీసుకునే బదులు, ముందు వైపు జాలీ ఉన్న క్యాబినెట్ తీసుకోండి. కార్డును అండర్‌వోల్ట్ చేసుకోవడం (వోల్టేజీ కాస్త తగ్గించడం) నేర్చుకోండి. ఒక సాయంత్రం పట్టే పని, చాలా కార్డులు వేగం తగ్గకుండానే పదిహేను, ఇరవై వాట్లు తక్కువ లాగుతాయి.

సెకండ్ హ్యాండ్ కొనొచ్చా?

కొనొచ్చు. ఆర్‌టీఎక్స్ 3060 12జీబీ, ఆర్‌ఎక్స్ 6700 ఎక్స్‌టీ మంచివి. మైనింగ్ (క్రిప్టో నాణేల సంపాదన) కార్డని భయపెడతారు కానీ, 2022 సెప్టెంబరులో ఇథీరియం మైనింగ్ ఆగిపోయింది. అప్పటి నుంచి బతికున్న కార్డు బాగానే ఉందని అర్థం, థర్మల్ పేస్టు మార్పించుకుంటే సరి. జీటీఎక్స్ 10 సిరీస్ మాత్రం ఎంత చవకైనా వద్దు. 2025 అక్టోబరుతో వాటికి కొత్త గేముల డ్రైవర్లు ఆగిపోయాయి, 1080 టీఐ అంతటిదానికి కూడా.

అమ్మేవాళ్ల దగ్గరే కార్డు పెట్టించి జీపీయూ-జెడ్ (కార్డు వివరాలు చూపించే ప్రోగ్రాము) తెరవండి. బయోస్ మార్చి పెద్ద కార్డు పేరు తగిలించిన నకిలీలను చాలావరకు అది పట్టేస్తుంది. పావుగంట బరువైన గేము నడిపించి, వేడి, శబ్దం, తెర మీద చుక్కలు వస్తున్నాయేమో చూడండి. బిల్లు అడగండి. వారంటీని కొన్ని బ్రాండ్లు సీరియల్ నంబరు మీద ఇస్తాయి, కొన్ని బిల్లు మీదే ఇస్తాయి.

సికింద్రాబాద్ సీటీసీకి (కంప్యూటర్ల బజారు) వెళ్లి కొనాలా, ఆన్‌లైన్లోనా?

ధర రెండు చోట్లా చూసుకుని వెళ్లండి. సీటీసీలో మూడు నాలుగు దుకాణాలు తిరిగితే బేరం తెగుతుంది, ప్రాసెసర్, బోర్డు కలిపి కొంటే ఇంకా. కౌంటర్ దగ్గర తొందరపడకండి. పెట్టె సీలు మీ ముందే తీయించండి. పెట్టె మీద సీరియల్ నంబరు, కార్డు వెనక స్టిక్కరు మీది నంబరు, బిల్లులో రాసినది మూడూ ఒకటే కావాలి. ‘జీఎస్టీ బిల్లు లేకుండా అయితే ఇంతకిస్తాను’ అంటే వద్దనండి, మూడేళ్ల వారంటీని అక్కడే వదిలేసినట్టు.

ఇంకో మూడు నెలలు ఆగితే తగ్గుతాయా?

ఇదివరకు ఈ సలహా పనిచేసేది. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులను ఎగరేసుకుపోతున్నాయి, ర్యామ్ ధరలు ఎలా పెరిగాయో చూస్తూనే ఉన్నాం. ఆ దెబ్బ 16జీబీ కార్డులకే ఎక్కువ. కావలసిన కార్డు పైన చెప్పిన గీటురాయికి దగ్గరగా దొరికితే తీసేసుకోండి.

కార్డు ఇంటికొచ్చాక ముందు ఏం చూసుకోవాలి?

మానిటరు కేబులు కార్డుకే పెట్టారో లేదో చూడండి. నవ్వకండి, మదర్‌బోర్డుకు పెట్టి ‘ఎఫ్‌పీఎస్ రావట్లేదు’ అనేవాళ్లు చాలామంది. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 144 హెర్ట్జ్ ఎంచుకోండి, తనంతట తాను 60లోనే ఉంటుంది. బయోస్‌లో రీసైజబుల్ బార్, ర్యామ్‌కు ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయండి. తర్వాత మీ దగ్గరున్న గేముల్లో అన్నిటికంటే బరువైనది రెండు గంటలు ఆడండి. తెర నల్లబడినా, గేము మూసుకుపోయినా, ఫ్యాను గరగరమన్నా అప్పుడే వీడియో తీసి దుకాణానికి పంపండి. మొదటి వారంలో అయితే చాలామంది కార్డు మార్చి ఇస్తారు. ఆ తర్వాత సర్వీస్ సెంటరుకు పంపిస్తారు, మూడు నాలుగు వారాలు పట్టొచ్చు. పెట్టె, లోపలి నురగ అట్ట కూడా అప్పటిదాకా పారేయకండి.